ఆరు గంటల చోటు

నాకు కృతజ్ఞతలు చెప్పడం చేతకాదు. తిట్టమంటే గంటసేపు తిడతాను, మధ్యలో మంచినీళ్ళు కూడా అడగను. ఎవరైనా మేలు చేస్తే మాత్రం నాలుక మొద్దుబారిపోతుంది. మొహం అటు తిప్పుకుని "సరేలే" అంటాను. మా అక్క దాన్ని పొగరంటుంది. మా బావ ఏమీ అనడు. అందుకే ఈ సంగతి కాగితం మీద పెడుతున్నాను. కాగితమైతే నా మొహం చూసి నవ్వదు.

నేను పైపుల వెల్డర్ని. ఇప్పుడు ఇంత ధీమాగా అంటున్నాను గానీ, ఏడేళ్ళపాటు నేను మా బావ దగ్గర గ్రైండర్ మనిషిని. ఆయన జాయింటు మీద ఒక వరస వెల్డింగ్ పోస్తాడు. నేను దానిమీద గట్టిపడ్డ నల్ల పెంకు కొట్టేసి, గ్రైండర్ పెట్టి, తీగ బ్రష్షుతో మెరిసేదాకా తోమి ఇస్తాను. ఆయన దానిమీద ఇంకో వరస పోస్తాడు. ఆయన పైపుకి ఇవతల, నేను అవతల. పని జరిగే చోట నిలబడటానికే జాగా ఉండదు కాబట్టి ఇద్దరూ ఒకే వైపు ఉండటమన్న మాటే లేదు. ఆయన్ని అందరూ పెద్దమేస్త్రి అంటారు. నన్ను ఫిరంగి అంటారు. ఎందుకంటారో నాతో పది నిమిషాలు పనిచేసిన వాళ్ళకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

బావ అక్కని చేసుకున్నప్పుడు నేను పదకొండేళ్ళ ఆడపిల్లని. అమ్మా నాన్నా పోయాక వాళ్ళ దగ్గరే పెరిగాను, ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉంటున్నాను. పెళ్ళి చేసుకోలేదు. నా కోపానికి తట్టుకునే హెల్మెట్ ఇంకా మార్కెట్లోకి రాలేదంటాడు బావ. ఆయన మాట్లాడేదే తక్కువ, ఆ తక్కువలో ఇట్లాంటివి నాలుగు ఉంటాయి. అక్క చిన్నపిల్లల బడిలో టీచరు. నాలుగైదేళ్ళ పిల్లలకి కసరత్తులు, పాటలు, చేతులు కడుక్కోవడం నేర్పుతుంది. ఇంటికొచ్చాక మా ఇద్దరినీ కూడా ఆ పిల్లల్లోనే జమకడుతుంది.

మా పనిలో రెండు రకాలున్నాయి. పైపుని రోలర్ల మీద పెట్టి తిప్పుతూ చేసేది ఒకటి. అందులో మనిషి స్టూలు మీద హాయిగా కూర్చుని, తన ముందుకొచ్చిన చోటల్లా పోసుకుంటూ పోతాడు. రెండోది, అడ్డంగా బిగించేసిన పైపుకి చేసేది. అది కదలదు, కాబట్టి మనిషే దాని చుట్టూ కదలాలి. ఆ జాయింటు గుండ్రాన్ని మేం గడియారంలా చెప్పుకుంటాం. పన్నెండు గంటల చోటు పైన, ఆరు గంటల చోటు అడుగున. అడుగున ఒక మోకాలు నేలకి ఆనించి, మెడ వెనక్కి విరిచి, నెత్తి మీద రెండు పైపుల మధ్యనున్న సందులోకి, కరిగి అతికే రాడ్డు పెట్టి మొదలుపెట్టాలి. కరిగిన ఇనుము మన మొహం మీదికి కారకుండా పైకి పోయి, లోపల రెండు పైపుల అంచుల్నీ కలిపి పట్టుకోవాలి. అట్లా అడుగునుంచి పైదాకా ఒక సగం. తర్వాత పైపుకి అవతలి వైపు వెళ్ళి మళ్ళీ అడుగునుంచి పైదాకా రెండో సగం. ఇట్లా కదలని పైపుకి ఒంటరిగా జాయింటు చేసి, అది ఎక్స్‌రేలో నిలబడితే ఒక నంబరిస్తారు. నంబరుంటేనే వెల్డర్.

నేను ఆ పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారి తప్పితే రెండేళ్ళదాకా మళ్ళీ కూర్చోనివ్వరు. నాకప్పుడు ముప్ఫై తొమ్మిదేళ్ళు. సాయంత్రమయ్యేసరికి భుజాలు సణగడం అప్పటికే మొదలైంది. రెండేళ్ళు ఆగితే ఇక ఈ జన్మకి గ్రైండరేనని నాకు తెలుసు, షెడ్డులో అందరికీ తెలుసు.

రెండోసారి తప్పిన రోజు నేను చేసిన నిర్వాకం ముందు చెప్పాలి. మా ఎక్స్‌రే ఫిల్ములు చూసే మాస్టారుని అందరం చిత్రగుప్తుడంటాం. మనిషి పీలగా, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, కిటికీలకి నల్ల కాగితం అంటించిన గదిలో కూర్చుంటాడు. మనం చేసిన పాపాలన్నీ ఆయన దగ్గర కవర్లలో భద్రంగా ఉంటాయి. ఆ రోజు నా కవరు మీద ఎర్ర పెన్సిలుతో అడ్డగీత గీసి చేతికిచ్చాడు. నేను ఆ కవరు పట్టుకుని షెడ్డులోకి వచ్చాను. టీ తాగే వేళ, ఇరవైమంది కూర్చుని ఉన్నారు. బావ కూడా ఉన్నాడు. ఆయన నా వైపు చూసి, ఏమైందని కళ్ళతోనే అడిగాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కవరు ఆయన ముందు పడేశాను.

"ఏడేళ్ళు నీ ఎదురుగా నిలబడి పొగ మింగాను బావా. నువ్వు నేర్పింది ఇదా? నీ పని ఎవరికీ రాకూడదనే కదా నీ బాధ?"

మొదటి మాట అన్నా పరవాలేదు. చివరి మాట నోరు జారి వచ్చిందే. వచ్చాక వెనక్కి తీసుకుందామంటే నోరు పెగల్లేదు. ఇరవైమందీ టీ గ్లాసుల్లోకి చూడ్డం మొదలుపెట్టారు. బావ కవరు తీసి దుమ్ము దులిపి బల్ల మీద పెట్టాడు. గ్లవ్స్ తీసుకుని పనికి వెళ్ళిపోయాడు. ఆయన తిరిగి ఒక్క మాటన్నా, కనీసం నా మొహాన ఏ బ్రష్షో విసిరినా, నేను బాగుపడేదాన్ని.

ఆ తర్వాత మూడు రోజులు పైపుకి అటొకరం ఇటొకరం నిలబడి పనిచేశాం గానీ మాటల్లేవు. ఆయన పెంకు వైపు వేలు చూపిస్తే నేను కొట్టేదాన్ని. ఇంట్లో అక్క మా ఇద్దరి మధ్యా కూర్చుని, ఉప్పు కావాలని ఈయన్ని అడగమని నేను, ఉప్పు అక్కడే ఉందని దానికి చెప్పమని ఆయన, మా రాయబారాలు మోసి మోసి విసిగిపోయింది. ఇట్లాంటి గొడవలు తన క్లాసులో పది నిమిషాల్లో తీరిపోతాయని, వాళ్ళకి నాలుగేళ్ళే కాబట్టి కాస్త బుద్ధి ఉంటుందని అంది.

నాలుగో రోజు చిత్రగుప్తుడు కబురు చేశాడు. ఇంకేం పాపం దొరికిందో అనుకుంటూ వెళ్ళాను. ఆయన గదిలో గోడకి తెల్లగా వెలిగే ఒక దీపాల పెట్టె ఉంటుంది, ఫిల్ములు దానిమీద ఆనించి చూస్తారు. దానిమీద నా రెండు పరీక్షల ఫిల్ములూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. అప్పుడాయన అద్దాలు పైకి నెట్టుకుని, పెన్సిలు కొనతో చూపించడం మొదలుపెట్టాడు.

ఫిల్ము మీద జాయింటు తెల్లటి పట్టీలా కనిపిస్తుంది. ఇనుము అతకని చోట నల్లటి గీత పడుతుంది. నా ఫిల్ముల్లో పైభాగమంతా శుభ్రంగా ఉంది. పక్కలు శుభ్రంగా ఉన్నాయి. ఆరు గంటల చోటు దగ్గర మాత్రం నల్లగీత. ఇంతవరకూ నాకూ తెలుసు. ఆయన చూపించింది ఇంకోటి. మొదటి సగంలో ఆ గీత ఒక పైపు అంచున ఉంది. రెండో సగంలో అవతలి పైపు అంచున ఉంది. ముందు ఆయనకి ఇద్దరు మనుషులు చేసిన పనేమోనని అనుమానం వచ్చిందట. ఆ తర్వాత, నేను రెండో సగానికి పైపు అవతలికి వెళ్ళి, ఇటు తిరిగి కూర్చుంటాను కదా అని గుర్తొచ్చిందట. అంటే ఏ వైపు కూర్చున్నా అతకనిది నా కుడిచేతి వైపు అంచే. రెండు నెలల తేడాతో చేసిన రెండు పరీక్షల్లోనూ అంతే.

"పని రాని మనిషి తప్పులు ఇట్లా ఉండవమ్మా," అన్నాడాయన. "నాలుగు చోట్లా చెల్లాచెదురుగా ఉంటాయి. నువ్వు ఒకే తప్పుని చాలా శ్రద్ధగా చేస్తున్నావు. ఎక్కడో ఎవరి దగ్గరో జాగ్రత్తగా నేర్చుకున్న తప్పులా ఉంది."

ఆ తప్పు ఏమిటని అడిగాను. అది తనకి తెలియదన్నాడు. తాను పనిచేసేవాణ్ణి కాదని, చేసిన పనిని చూసేవాణ్ణి మాత్రమేనని, పెద్దమేస్త్రికి చూపించమని చెప్పి రెండు ఫిల్ములూ కవర్లో పెట్టాడు. బయటికి ఇవ్వకూడని ఫిల్ములవి. తిరిగి ఎప్పుడివ్వాలో కూడా చెప్పలేదు.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. తప్పు పట్టడం వరకే ఆయన ఉద్యోగం. అది ఎందుకొచ్చిందో వెతకమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను ఆయన్ని వెనకాల ఎన్ని మాటలన్నానో ఆయన చెవిన పడకుండా ఉండదు. అయినా నా పాత ఫిల్ములు బయటికి తీసి, పక్కపక్కన పెట్టి, ఇది ఎవరి చెయ్యి, ఎటు కూర్చుంది అని ఆలోచించాడు. ఆ రోజు నేను ఆయనకి చెప్పింది "సరేలెండి" అని మాత్రమే. ఇప్పుడు చెబుతున్నాను, ఆయన మేలు నేను మర్చిపోలేను.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఫిల్ముల కవరు భోజనాల బల్ల మీద పెట్టాను. నేరుగా చెప్పడానికి మొహం చెల్లక, అక్క వైపు చూస్తూ, బావకి వినపడేట్టు చెప్పాను. కుడి అంచు అతకట్లేదట, ఏ వైపు కూర్చున్నా అంతేనట, అని. బావ తింటున్నవాడల్లా ఆగి, కవరు లాక్కుని, ఫిల్ముని దీపానికెదురుగా ఎత్తి చూశాడు. చూసి, అక్కతో, దాని రాడ్డు పక్కకి వాలుతోంది, ఎందుకు వాలుతోందో అడుగు అన్నాడు. నాకే తెలిస్తే ఈ ఏడుపెందుకని ఆయనకి చెప్పు అన్నాను.

అక్క గిన్నెలు గట్టిగా పక్కన పెట్టింది. చెరో పెన్సిలు ఇచ్చి, ఇద్దరినీ బల్లకిందికి దూరమంది. బల్లే పైపనుకుని, పనిలో ఎట్లా కూర్చుంటారో అట్లా కూర్చుని చూపించమంది. దాని గొంతు విన్న నాలుగేళ్ళ పిల్లలు ఎందుకు మాట వింటారో నాకు అప్పుడర్థమైంది. యాభై ఎనిమిదేళ్ళ పెద్దమేస్త్రి ఒక పక్కనుంచి, నేను ఇంకో పక్కనుంచి బల్లకిందికి వంగాం. మోకాళ్ళ మీద కూర్చుని, బల్ల అడుగుకి పెన్సిళ్ళు ఆనించాం. బావ మొహం నాకు జానెడు దూరంలో ఉంది. మూడు రోజుల తర్వాత అంత దగ్గరగా చూశాను. కళ్ళకింద నల్లగా ఉంది.

అక్క నేలమీద చతికిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నాకు మండుకొచ్చింది. ఏమిటే అన్నాను.

"మా పిల్లలు కూడా ఇంతే," అంది అక్క. "నేను ఎదురుగా నిలబడి కుడిచెయ్యి ఎత్తితే, వాళ్ళు ఎడమచెయ్యి ఎత్తుతారు. వాళ్ళ తప్పు కాదు, నన్ను చూసి చేస్తారు. అందుకే వాళ్ళముందు నేనన్నీ తిరగేసి చేస్తాను. మీ మోకాళ్ళు చూసుకోండి."

చూసుకున్నాం. బావ ఎడమ మోకాలు నేలకి ఆనించి, కుడి మోకాలు పైకి నిలబెట్టి, రాడ్డు పట్టే కుడిచేతి మోచెయ్యిని దానిమీద పెట్టుకున్నాడు. చెయ్యి రాయిలా నిలబడి ఉంది. ఆయన ఎదురుగా నేను, ఏడేళ్ళు చూసి చూసి, అద్దంలో బొమ్మలా కుడి మోకాలు నేలకి ఆనించి, ఎడమ మోకాలు నిలబెట్టాను. దానిమీద పనిలేని ఎడమ మోచెయ్యి విలాసంగా కూర్చుని ఉంది. పనిచేసే కుడి మోచెయ్యి గాలిలో వేలాడుతోంది. ఆధారం లేని మోచెయ్యి కాసేపటికి కుడిపక్కకి జారుతుంది. దాంతోపాటు పిడికిలి జారుతుంది, రాడ్డు కొన ఎడమకి తిరుగుతుంది. కుడి అంచుకి వేడి అందదు. పక్కలకి వచ్చాక నేను లేచి నిలబడతాను కాబట్టి అక్కణ్ణించి అంతా సవ్యంగా ఉంటుంది.

అంతే సంగతి. ఇంతకాలం ఎవరికీ కనపడకపోవడానికి కారణం కూడా అంతే మామూలుది. వెల్డింగ్ జరిగేటప్పుడు పక్కవాళ్ళు కళ్ళకి దెబ్బ అని అటు తిరుగుతారు. నేను నేర్చుకునేటప్పుడు చూసిన బావ కూడా హెల్మెట్లోంచి మంటనే చూశాడు, మోకాళ్ళు ఎవరు చూస్తారు.

బావ పెన్సిలు నేలమీద పెట్టేశాడు.

"ఏడేళ్ళు ఎదురుగా నిలబెట్టుకున్నాను. ఒక్కసారి, ఒక్క పూట, నా వెనకాల నిలబెట్టుకుని చూపించలేదు. నువ్వన్నది నిజమేనే. నేను నేర్పలేదు."

నేను ఆయన్ని అన్న మాటకి ఆయన నాకు క్షమాపణ చెబుతున్నాడు. సిగ్గుతో నా తల తీసేసినట్టయింది. ఏదో అనబోయి, బల్లకి నెత్తి కొట్టుకుని, ఇవతలికి వచ్చేశాను. మర్నాడు టీ వేళకి షెడ్డులో, ఆ ఇరవైమంది ముందే, అన్న చోటే అనాలి కాబట్టి, ఆయన ముందు నిలబడి, మొన్న నేనన్నది పచ్చి అబద్ధమని, నాకు తెలిసిన కాస్త పనీ ఆయన పెట్టిన భిక్షేనని చెప్పాను. ఒకళ్ళిద్దరు, ఫిరంగిలో మందు తడిసిందని నవ్వారు. బావ తన టీ గ్లాసు నా చేతిలో పెట్టాడు.

పరీక్షకి పన్నెండు రోజులుంది. తప్పు తెలిసిందంటే సగం పని అయిపోయినట్టేనని నేను సంబరపడ్డాను. మొదటి రోజే తెలిసొచ్చింది. ఏడేళ్ళు అలవాటు పడ్డ మోకాళ్ళు మాట వింటాయా. ఎడమ మోకాలు నేలకి ఆనించి కూర్చునేదాన్ని, మంట వెలగ్గానే కళ్ళు, మనసు అంతా అక్కడికి పోయేవి, ఎప్పుడు మార్చుకున్నానో తెలియకుండా మళ్ళీ పాత పద్ధతిలో ఉండేదాన్ని. బావ పని ముగిశాక, వెలుగు ఉన్నంతసేపు నాతో ఉండేవాడు. నా వెనకాల స్టూలు వేసుకుని కూర్చుని, తప్పుడు మోకాలు లేచినప్పుడల్లా బ్రష్షు పిడితో టక్కున కొట్టేవాడు. నేను ఉలిక్కిపడేదాన్ని. రాడ్డు పైపుకి అతుక్కుపోయేది. నేను అరిచేదాన్ని. ఆయన మళ్ళీ కొట్టేవాడు. చేసిన ప్రతి జాయింటునీ కోసి లోపల టార్చిలైటు వేసి చూసేవాళ్ళం. కుడి అంచు అతకని గీత, తాడు ముక్కలా, రోజూ అట్లాగే కనపడేది. అయిదు రోజులు గడిచాయి. ఆరో రోజు హెల్మెట్ నేలకేసి కొట్టి, నావల్ల కాదు, గ్రైండరే నాకు రాసిపెట్టి ఉంది అన్నాను. ఆ మాట కోపంతో అన్నది కాదు. నిజంగానే భయమేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర బావ ఇదంతా అక్కకి చెప్పి, ఏం చెయ్యాలని అడిగాడు. పైపుల సంగతి అక్కని అడగడం ఆయన జీవితంలో అదే మొదలు. వెనకాల నిలబడి కొడితే పిల్లలు నేర్చుకోరని అక్క చెప్పింది. అది నిన్ను ఎదురుగా చూసి చెయ్యడానికే అలవాటు పడింది, ఎదురుగానే ఉండు, కాకపోతే నువ్వు తిరగేసి చెయ్యి అంది.

మర్నాడు బావ పైపుకి అవతలి వైపు వెళ్ళాడు. తన స్థానంలో, నా ఎదురుగా. కుడి మోకాలు నేలకి ఆనించాడు. ఎడమ మోకాలు నిలబెట్టాడు. రాడ్డు బిగించే హోల్డర్ ఎడమచేత్తో పట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా కుడిచేత్తో చేసిన మనిషి. నన్ను చూసి తలూపి, నాతోపాటే, నేర్చుకోవడానికి బిగించిన పాత పైపు మీదే, పక్కనున్న ఇంకో జాయింటు దగ్గర, మొదలుపెట్టాడు.

ఆయన చేసిన వెల్డింగ్ చూడాలి. పిట్ట రెట్టలు వేసినట్టుంది. ఇనుము నిలవక ఆయన చేతి మీదికి, జబ్బ మీదికి కారింది. రెండుసార్లు చొక్కా చేతిలోకి నిప్పు దూరి, లేచి ఎగిరి దులుపుకున్నాడు. అటుగా పోతున్న వాళ్ళు ఆగి చూశారు. పెద్దమేస్త్రి పని మర్చిపోయాడా అన్నాడొకడు. "కొత్తగా నేర్చుకుంటున్నాను," అన్నాడు బావ, హెల్మెట్ దించుకుంటూ. అంత మర్యాద ఉన్న మనిషి, ఎవరి ముందూ ఒక చెడ్డ వరస పొయ్యని మనిషి, నాకోసం అందరి ముందూ మొదటిరోజు పనిలో చేరినవాడిలా మోకరిల్లి, చెత్త వెల్డింగ్ చేస్తూ కూర్చున్నాడు. ఒక రోజు కాదు, వరసగా అయిదు రోజులు. ఎడమచేతికి అలవాటు లేని బరువు మోసి, ఇంటికొచ్చాక ముద్ద కలుపుకునేటప్పుడు ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. నొప్పి గురించి అడిగితే, తన ఎడమచెయ్యి సోమరిపోతని, ఇన్నేళ్ళకి దానికీ ఉద్యోగం దొరికిందని అనేవాడు.

నేనేమో ఆయన్ని చూస్తూ చేశాను. ఆలోచించలేదు. ఆయన ఎటుంటే అటు ఉన్నాను, నాకు వచ్చిన విద్య అదొక్కటే కదా. నా ఎదురుగా ఉన్న మనిషి ఎడమ మోకాలు లేపితే, నా కుడి మోకాలు లేచింది. మోచెయ్యి దానిమీదికి తనంతట తనే వచ్చి కూర్చుంది. మూడో రోజు పైపు కోసి చూస్తే కుడి అంచు అతికింది. నేను నమ్మక ఇంకోటి చేసి కోశాను. అదీ అతికింది. ఆ రోజు ఇంటికెళ్ళి, అక్క వంటింట్లో ఉంటే వెనకనుంచి వాటేసుకున్నాను. ఏం పగలగొట్టావే అని అడిగింది.

పరీక్ష రోజు బావని లోపలికి రానివ్వలేదు. చుట్టూ తెర కట్టిన గదిలో పైపు బిగించి, చిత్రగుప్తుడు, ఇంకొకాయన చూసి వెళ్ళారు. నేనూ పైపూ మిగిలాం. మొదటి సగం బాగా సాగింది. సరిగ్గా ఆరు దగ్గర కాకుండా, కాస్త అవతలికి జరిగి మొదలుపెట్టాను, రెండో సగం వచ్చి దానిమీద ఎక్కాలి కాబట్టి. పైకి చేరాక మొదలుపెట్టిన చోటుని గ్రైండర్‌తో కాగితం అంచులా పలచగా అరగదీశాను. ఇక అవతలి వైపు వెళ్ళి కూర్చుని, హెల్మెట్ దించి, రాడ్డు పైకెత్తాను. అప్పుడు ఎందుకో మోచెయ్యి ఖాళీగా అనిపించింది. కుడి మోకాలు నేలమీద ఉంది. భయపడ్డప్పుడు మనిషి పాత ఇంటికే పరుగెడతాడనుకుంటాను. రాడ్డు అంటించి ఉంటే అయిపోయేది నా పని.

హెల్మెట్ ఎత్తాను. లేచి నిలబడ్డాను. టైము పోతోంది, రెండు సగాల మధ్య పైపు చల్లారకూడదు. అయినా ఒక్క క్షణం ఆగి, పైపు అవతల నేను ఇంతకుముందు కూర్చున్న చోటుకేసి చూశాను. అక్కడ బావ లేడు. కానీ ఎడమచేత్తో హోల్డర్ పట్టుకుని, చొక్కాలో నిప్పు దులుపుకుంటూ, నన్ను చూసి తలూపే మనిషి నాకు స్పష్టంగా కనపడ్డాడు. ఆయన ఎట్లా కూర్చున్నాడో అట్లా కూర్చున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే వెల్డింగ్ చెయ్యడం కుదరదు, అందుకని ఏడుపు తర్వాతకి దాచుకుని రాడ్డు అంటించాను.

రెండు రోజుల తర్వాత చిత్రగుప్తుడు కబురు చేశాడు. ఇద్దరినీ రమ్మన్నాడు. సాధారణంగా ఇంకొకరికి ఫిల్ము చూపించరు. మేం వెళ్ళేసరికి నా ఫిల్ము దీపాల పెట్టె మీద పెట్టి ఉంది. కవరు బల్లమీద ఉంది, దానిమీద ఇంకా ఏ గీతా లేదు. నాకు ఫిల్ము వైపు చూసే ధైర్యం లేక, ఆయన చొక్కా గుండీలు లెక్కపెడుతూ నిలబడ్డాను. ఆయన పెన్సిలు బావ చేతికిచ్చి, మీరే చూడండి పెద్దమేస్త్రీ అన్నాడు.

బావ అద్దాలు పెట్టుకున్నాడు. ఫిల్ము ఒక చివరనుంచి మొదలుపెట్టి, పెన్సిలు కొనని తగలనీయకుండా, తెల్లపట్టీ వెంబడి నెమ్మదిగా నడిపించాడు. ఆరు గంటల చోటు దగ్గర ఆగాడు. ముందుకి పోయాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఇంకా దగ్గరికి వంగి చూశాడు. అంతసేపు చూస్తున్నాడంటే ఏదో ఉందనే నాకనిపించింది.

"ఎక్కడ మొదలుపెట్టావే?" అన్నాడు.

దగ్గరికి వెళ్ళి చూశాను. ఇక్కడెక్కడో ఉండాలి. మొదలుపెట్టిన చోటు, ఒక సగం మీదికి ఇంకో సగం ఎక్కిన చోటు, ఎంత బాగా చేసినా ఒక సన్నటి నీడ పడుతుంది. నేను కూడా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాను. తెల్లగా, ఒకే తీరుగా ఉంది.

"కనపడ్డం లేదు బావా," అన్నాను.

"నాది కనపడుతుంది," అన్నాడు ఆయన. "ముప్ఫై ఏళ్ళుగా ప్రతి జాయింటులోనూ సన్నగా కనపడుతూనే ఉంది. ఈయన్నడుగు."

చిత్రగుప్తుడు అవునన్నట్టు తలూపాడు. పెన్సిలు వెనక్కి తీసుకుని, నా కవరు మీద నంబరు రాయడానికి కూర్చున్నాడు. బావ మాత్రం ఫిల్ము ముందునుంచి కదల్లేదు. తన జాయింట్లు పాసైన ఏ రోజూ ఆ మనిషి మొహంలో అంత సంతోషం నేను చూడలేదు.